రాజమండ్రి స్టేషన్ నుంచి డెల్టా ఊళ్లకు: ఎక్కడ దిగాలి, ఏం ఎక్కాలి

సంక్రాంతికి రెండు నెలల ముందు నుంచే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "రాజమండ్రికి టికెట్లు దొరికాయిరా, అక్కడ దిగాక ఏం ఎక్కాలి?" అని. ఇంతకీ ఏ ఊరు వెళ్లాలి అని అడిగితే ఒకరిది రాజోలు, ఒకరిది ద్రాక్షారామం, ఇంకొకరిది మొగల్తూరు. మొగల్తూరు వెళ్లేవాళ్లకి రాజమండ్రితో పనేంటండీ? నరసాపురంలో దిగితే పక్కనే కదా. కానీ బయటి నుంచి వచ్చేవాళ్లకి గోదావరి జిల్లాలంటే రాజమండ్రే. టికెట్ తీసేసుకుంటారు, ఆ తర్వాత దారి అడుగుతారు.

మాది అమలాపురం దగ్గర పల్లె. చదువుకి, ఉద్యోగానికి, పెళ్లిళ్లకి, చావులకి పాతికేళ్లుగా ఈ స్టేషన్‌లో ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. ఫోన్‌లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను. ఊరి పేరు రాజమహేంద్రవరం అని మారి చాలా ఏళ్లయింది కానీ నేను రాజమండ్రి అనే రాస్తాను. రైల్వే టికెట్ మీద కూడా పాత పేరే ఉంటుంది.

ముందు ఏరు ఎటు పోతుందో తెలుసుకోండి

ఇది తెలియకపోతే కింద రాసిందేదీ బుర్రకెక్కదు. గోదావరి రాజమండ్రి దాటి ధవళేశ్వరం దగ్గరికి వచ్చేసరికి చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. ఆ వశిష్ఠ నుంచి మధ్యలో వైనతేయ అని ఇంకో పాయ విడిపోతుంది. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న నేలే కోనసీమ.

ఇప్పుడు రైలు పట్టాలు. మద్రాసు నుంచి హౌరా వెళ్లే మెయిన్ లైను డెల్టాకి పైన, నెత్తి మీదుగా పోతుంది: తాడేపల్లిగూడెం, నిడదవోలు, కొవ్వూరు, రాజమండ్రి, సామర్లకోట. పడమటి వైపు ఇంకో లైను నిడదవోలు నుంచి తణుకు, భీమవరం, గుడివాడ మీదుగా విజయవాడకి దిగుతుంది. భీమవరం నుంచి పాలకొల్లు మీదుగా నరసాపురానికి ఒక కొమ్మ ఉంది. తూర్పున సామర్లకోట నుంచి కాకినాడకి ఒక కొమ్మ, కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైను.

మధ్యలో కోనసీమకి మాత్రం రైలు లేదు. అమలాపురం జిల్లా కేంద్రమైంది కానీ పట్టాలు రాలేదు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. మూడు పాయల మీదా మూడు పెద్ద వంతెనలు కట్టాలి కాబట్టి పని సాగుతూనే ఉంది. లైను మంజూరైననాడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు.

కాబట్టి ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: నేను వెళ్లే ఊరు ఏ పాయకి ఏ వైపున ఉంది? జవాబు దొరికితే ఏ స్టేషన్‌లో దిగాలో దానంతటదే తేలిపోతుంది.

దిగాల్సిన స్టేషన్ తేల్చుకోండి

అమలాపురం, కొత్తపేట, అంబాజీపేట, రావులపాలెం వైపైతే రాజమండ్రిలో దిగండి. ఇందులో సందేహం లేదు. స్టేషన్ నుంచి బస్టాండుకి వెళ్లి అమలాపురం బస్సెక్కితే వేమగిరి, కడియపులంక నర్సరీలు దాటి, జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రావులపాలెం, కొత్తపేట మీదుగా సుమారు రెండు గంటల్లో చేరతారు. అయితే రావులపాలెం వాళ్లకి ఒక చిట్కా. మీరు హైదరాబాద్ నుంచి భీమవరం వైపు వచ్చే రైల్లో ఉండి, అది తణుకు దాకా వెళ్లేదైతే, తణుకులో దిగి హైవే మీద బస్సెక్కండి. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటితే రావులపాలెమే.

ముమ్మిడివరం, మురమళ్ల, ఐ.పోలవరం వాళ్లకి కాకినాడ టౌన్ మేలు. కాకినాడ నుంచి 216 నంబరు జాతీయ రహదారి మీద యానాం వచ్చి, యానాం-ఎదుర్లంక వంతెన దాటితే కోనసీమలో ఉన్నట్టే. ఆ వంతెన రాకముందు యానాం నుంచి అవతలికి పడవే దిక్కు. ఇప్పుడు అయిదు నిమిషాల పని. కాకినాడలో టౌన్, పోర్ట్ అని రెండు స్టేషన్లున్నాయని గుర్తుంచుకోండి. బస్సు పట్టుకోవడానికి మీకు కావాల్సింది టౌన్.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది, దిండి. ఇవన్నీ వైనతేయకీ వశిష్ఠకీ మధ్య ఉన్న ఊళ్లు. వీటికి రాజమండ్రిలో దిగడమంటే కోనసీమ మొత్తం అడ్డంగా దాటి రావడమే. పాలకొల్లులో దిగండి. అక్కడి నుంచి చించినాడ వంతెన దాటగానే దిండి, ఇంకొంచెం ముందుకెళ్తే రాజోలు. అంతర్వేదికైతే నరసాపురంలో దిగి, రేవు దాటి సఖినేటిపల్లి చేరి, అక్కడ బస్సో ఆటోనో పట్టుకోవాలి. రేవు సంగతి కింద విడిగా రాస్తాను, అది రెండు ముక్కల్లో తేలేది కాదు.

మండపేట వాళ్లు ద్వారపూడిలో ఆగే రైలు దొరికితే అక్కడే దిగండి. పాసింజర్లకి మాత్రమే ఇది కుదురుతుంది, ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఆగవు. రామచంద్రపురం, ద్రాక్షారామం వెళ్లేవాళ్లు రాజమండ్రి నుంచైనా కాకినాడ నుంచైనా బస్సులోనే వెళ్లాలి. కోటిపల్లి లైను మీద ఈ రెండు ఊళ్లకీ స్టేషన్లున్నాయి, కానీ దాన్ని నమ్ముకుని ప్రయాణం వేసుకోకండి.

ఇక భీమవరం. ఇక్కడ మోసపోనివాళ్లు తక్కువ. భీమవరం టౌన్ ఒకటి, భీమవరం జంక్షన్ ఒకటి. రెండూ ఊళ్లోనే, రెండూ వేర్వేరు స్టేషన్లు. కొన్ని రైళ్లు ఒకదాంట్లో ఆగితే ఇంకొన్ని రెండోదాంట్లో ఆగుతాయి. టికెట్ మీద కోడ్ చూడండి: బీవీఆర్‌టీ అంటే టౌన్, బీవీఆర్ఎం అంటే జంక్షన్. తీసుకెళ్లడానికి వచ్చే చుట్టానికి ఊరి పేరు చెప్తే సరిపోదు, స్టేషన్ పేరు చెప్పండి. నేనొకసారి టౌన్‌లో దిగి అరగంట నిలబడ్డాను, మా పెదనాన్న జంక్షన్ బయట స్కూటర్ మీద కూర్చుని నాకు ఫోన్ చేస్తూ ఉన్నాడు. నా ఫోన్‌లో ఛార్జింగ్ లేదు.

విశాఖ వైపు నుంచి భీమవరం, నరసాపురం వెళ్లేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి రాజమండ్రి మీదుగానే దారి. కాకినాడ నుంచి బయల్దేరే సర్కార్ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి, నిడదవోలు, తణుకు, భీమవరం మీదుగానే వెళ్తుంది. అలాంటి రైలు మీ టైముకి లేకపోతే రాజమండ్రిలోనే దిగి ఆ వైపు పాసింజర్ పట్టుకోండి. నిడదవోలు జంక్షనే అయినా పెద్ద రైళ్లు కొన్ని అక్కడ ఆగవు.

టికెట్

రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు, పొద్దున్న 8 గంటలకి తెరుచుకుంటుంది. జనవరి 13 ప్రయాణానికి నవంబర్ 14న తెరుస్తారన్నమాట. సంక్రాంతికైతే ఎనిమిది దాటి టీ తాగొచ్చేలోపు వెయిటింగ్ లిస్టు పడిపోతుంది. గౌతమి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల కోసం అందరూ ఎగబడతారు. గౌతమి (12738) లింగంపల్లి నుంచి కాకినాడ పోర్ట్ దాకా, గోదావరి (12728) హైదరాబాద్ నుంచి విశాఖ దాకా. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి తిరుగుతోంది, మా నాన్నగారి తరానికి హైదరాబాద్ అంటే ఆ రైలే.

ఒక ఉపాయం చెప్తాను. రాజమండ్రికి వెయిటింగ్ చూపిస్తుంటే అదే రైల్లో కాకినాడకో సామర్లకోటకో ఉందేమో చూడండి. చివరి స్టేషన్‌కి, మధ్య స్టేషన్లకి కోటాలు వేరుగా ఉంటాయి కాబట్టి ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే, రాజమండ్రిలో దిగిపోవచ్చు. అదీ కాకపోతే నరసాపురం ఎక్స్‌ప్రెస్ చూడండి. కోనసీమ పడమటి ఊళ్లవాళ్లకి అది ఎలాగూ దగ్గరి దారే. తత్కాల్ ఏసీకి పొద్దున్న 10కి, స్లీపర్‌కి 11కి. ఇప్పుడు ఆధార్ లింకు చేయని ఐఆర్‌సీటీసీ ఖాతాతో ఆన్‌లైన్‌లో తత్కాల్ దొరకదు, ఆ పని ముందురోజే చేసి పెట్టుకోండి.

సామర్లకోట, నిడదవోలు, తణుకు లాంటి దగ్గరి ప్రయాణాలకి జనరల్ టికెట్ ఫోన్‌లో తీసుకోవచ్చు. స్టేషన్‌లోకి అడుగుపెట్టకముందే తీసుకోండి, ప్లాట్‌ఫాం మీద నిలబడి తీయబోతే యాప్ ఒప్పుకోదు. 200 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ తీసుకుంటే మూడు గంటల్లోపు రైలెక్కాలి, లేదా ఆ వైపు వెళ్లే మొదటి రైలెక్కాలి. పొద్దున్న తీసుకుని సాయంత్రం ఎక్కుతానంటే కుదరదు.

కొవ్వూరు దాటగానే లేవండి

విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ల కోసం ఇది. చాలా రైళ్లు రాజమండ్రిలో ఆగేది రెండు నిమిషాలే. స్టేషన్ వచ్చాక బెర్తు కింద చెప్పులు వెతుక్కుంటే సామర్లకోటలో దిగుతారు.

కొవ్వూరు దాటగానే రైలు చప్పుడు మారుతుంది. నేల మీద టకటకలాడే రైలు వంతెనెక్కగానే బోలుగా, గంభీరంగా మోగుతుంది. నిద్రలో ఉన్నా తెలిసిపోతుంది. తెల్లవారుజామున గౌతమిలో వస్తుంటే ఆ చప్పుడుకే బోగీలో సగంమంది లేస్తారు. పై బెర్తు ముసలమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీస్తుంది, కిటికీ దగ్గర కూర్చున్న కుర్రాడి చేతిలో పెట్టి "వేసెయ్ నాయనా" అంటుంది. బిళ్ల ఒక్కోసారి ఇనప దూలానికి తగిలి ఠంగుమంటుంది. రైలు, రోడ్డు రెండూ ఉన్న వంతెన మీద వెళ్తుంటే పైన బండ్లు, కింద రైలు. కమానుల వంతెన మీదైతే ఏరు మొత్తం కనిపిస్తుంది. పక్కన 1900 నాటి హేవలాక్ వంతెన ఖాళీగా నిలబడి ఉంటుంది, 1997లో దానికి రిటైర్మెంట్ ఇచ్చారు.

ఏరు చూడండి, దణ్ణం పెట్టుకోండి, కానీ ఒక చెయ్యి బ్యాగు మీద ఉంచండి. వంతెన దిగగానే ముందు వచ్చేది రాజమండ్రి కాదు, గోదావరి అనే చిన్న స్టేషన్. పాసింజర్లు, కొన్ని రైళ్లు అక్కడ ఆగుతాయి. బోర్డు చూడకుండా దిగితే మెయిన్ స్టేషన్‌కి ఆటో ఎక్కాల్సిందే. కానీ పుష్కర ఘాట్‌లో స్నానానికి వచ్చినవాళ్లయితే మాత్రం మీ రైలు అక్కడ ఆగితే అక్కడే దిగండి, ఘాట్ దగ్గర.

అర్ధరాత్రి దిగేవాళ్లకి ఒక మాట. పల్లెలకి వెళ్లే బస్సులు ఆ వేళకి ఉండవు. వెయిటింగ్ హాల్లో తెల్లారేదాకా కూర్చోవచ్చు, లేదా పీఎన్ఆర్ ఉంటే స్టేషన్‌లోని విశ్రాంతి గదిని ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. రాత్రిపూట కోనసీమ దాకా కారు మాట్లాడుకోవడం కన్నా అయిదింటి బస్సు నయం అని నా లెక్క. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఆ కాలవగట్టు రోడ్ల మీద చీకట్లో నిద్రమత్తు డ్రైవరుతో ప్రయాణం నాకు టెన్షన్.

ఊళ్లో మూడు బస్టాండులు

స్టేషన్ బయటికి రాగానే ఆటోవాళ్లు చుట్టుముడతారు. కంగారు పడకండి, ముందు మీకు ఏ బస్టాండు కావాలో తేల్చుకోండి.

ఆర్టీసీ కాంప్లెక్స్ పెద్ద బస్టాండు. అమలాపురం, కాకినాడ, విజయవాడ, భీమవరం, ఏ దూరప్రాంతానికైనా అక్కడికే. స్టేషన్ నుంచి ఆటోలో దగ్గరే. గోకవరం బస్టాండ్ వేరు, కోరుకొండ, గోకవరం, మన్యం వైపు వెళ్లేవాళ్లకి. డెల్టాకి వచ్చినవాళ్లకి దాంతో పని లేదు. కోటిపల్లి బస్టాండ్ ఇంకొకటి, ఏటి ఒడ్డు వైపు పాత ఊళ్లో ఉంది.

ఈ కోటిపల్లి బస్టాండ్ దగ్గర మా బావగారికి జరిగింది చెప్పాలి. ఆయన ఊరు హైదరాబాద్. కార్తీకమాసంలో కోటిపల్లి సోమేశ్వరుడి దర్శనానికని రాజమండ్రిలో దిగి, ఆటో అతనితో "కోటిపల్లి" అన్నారు. అతను ఎంతో తక్కువ చెప్పాడు. ఇంత తక్కువా అని సంబరపడి ఎక్కేశారు. పది నిమిషాలకి ఆటో ఆగింది. "ఇదేనా కోటిపల్లి? గుడేదీ?" అని మా బావగారు. "ఆయ్, కోటిపల్లి బస్టాండ్ ఇదేనండి. కోటిపల్లి ఊరికెళ్లాలంటే బస్సెక్కాలి కదండి" అని అతను. ఇద్దరి తప్పూ లేదు. అందుకే చెప్తున్నాను, ఆటో మాట్లాడేటప్పుడు బస్టాండు పేరా ఊరి పేరా అన్నది విడమర్చి చెప్పండి.

ఆటోల్లో రెండు రకాలు. నలుగురితో కలిసి వెళ్లే సర్వీసు ఆటో, మీ ఒక్కరికోసం మాట్లాడుకునేది. సామాను తక్కువుంటే మొదటిది చాలు. మాట్లాడుకునేదైతే ఎక్కకముందే రేటు తేల్చుకోండి. "కాంప్లెక్స్‌కి ఎంతండీ?" అనగానే మొదట చెప్పే రేటు మీ బ్యాగుల్ని చూసి చెప్పేది. "లగేజీ ఉంది కదండీ" అంటారు. కొంచెం నవ్వుతూ బేరమాడితే తగ్గుతారు, గొడవపడితే తగ్గరు. స్టేషన్ గేటు దాటి రోడ్డు మీదికి నాలుగడుగులు వేసి అడిగితే ఇంకా తగ్గుతుంది. మధురపూడి విమానాశ్రయం ఊరికి దూరం, అక్కడి నుంచి వచ్చేవాళ్లు కారు ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

బస్సు ఎక్కేముందు బోర్డు మొత్తం చదవండి

ఊరి పేరు ఒకటే అయినా దారి వేరు కావచ్చు. కాకినాడ బస్సులే ఒక్కొక్కటి ఒక్కో దారిలో వెళ్తాయి. మీరు దారిలో దిగేవాళ్లయితే "వయా" చూడకుండా ఎక్కకండి, కండక్టర్‌ని అడిగి ఎక్కండి.

పల్లెవెలుగు ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది, చేతులెత్తిన చోటల్లా కూడా ఆగుతుంది. తొందర లేకపోతే ఇదే ఎక్కమంటాను. కాలవగట్టు, కొబ్బరితోటలు, అరటిగెలలు కట్టిన సైకిళ్లు, బడిపిల్లలు, ఇవన్నీ ఎక్స్‌ప్రెస్‌లో కనపడవు. తొందరుంటే ఎక్స్‌ప్రెస్.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. సున్నా రూపాయల టికెట్ ఇస్తారు, దాన్ని దాచుకోవాలి. ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న ఆధార్, ఓటరు కార్డు లాంటిది చూపించాలి. మా అత్తయ్య హైదరాబాద్ వెళ్లిపోయి ఆధార్‌లో అడ్రసు మార్పించుకుంది, ఇప్పుడు పుట్టింటికి వస్తే డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుంటోంది. "పుట్టిన ఊరు ఇదే కదా" అని కండక్టరుతో వాదించింది కూడా. సూపర్ లగ్జరీ లాంటివాటిలో ఎవరికైనా డబ్బులే. ఈ పథకం వచ్చాక పొద్దున్న, సాయంత్రం పల్లెవెలుగుల్లో నిలబడటానికి కూడా చోటుండటం లేదు కాబట్టి పెద్ద సామానుతో వచ్చేవాళ్లు మధ్యాహ్నం బస్సు చూసుకోండి.

అమలాపురం వైపు మామూలు దారి కాక ఇంకో దారుంది, నాకు ఇష్టమైనది. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వెళ్లేది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోటే ఇప్పటి బ్యారేజీ ఉంది. బ్యారేజీ ఒకే పొడుగు గోడ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు, అంటే ఏటి నడుమ దీవులు. బొబ్బర్లంకలో దిగితే కోనసీమ నెత్తి మీద నిలబడ్డట్టే. ముందుకెళ్తే ఆత్రేయపురం, పూతరేకుల ఊరు. పక్కనే లొల్ల లాకులు. వాడపల్లి వెంకన్న దర్శనానికి ఈ దారి బాగుంటుంది, కానీ శనివారం మాత్రం వద్దు. ఏడు శనివారాల మొక్కువాళ్లతో ఆ రోజు రోడ్డే కనపడదు.

రేవు దాటడం

వంతెనలెన్ని వచ్చినా రెండు రేవులు ఇంకా జీవంతో ఉన్నాయి. తూర్పున కోటిపల్లి-ముక్తేశ్వరం గౌతమి మీద, పడమట నరసాపురం-సఖినేటిపల్లి వశిష్ఠ మీద. చుట్టూ తిరిగి వంతెన మీదుగా వెళ్లడం కన్నా ఇవి చాలా దగ్గరి దారులు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి పంటు అంటే ఏమిటో తెలియదు. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన చెక్కలు పరిచి చేసిన తేలే బల్ల అనుకోండి. ఒక్కోసారి కారు కూడా ఎక్కిస్తారు. నరసాపురం రేవులో టికెట్ తీసుకుని ఏటవాలుగా దిగి వెళ్లాలి. మోటారు సైకిళ్లవాళ్లు ముందు ఎక్కుతారు, బండిని పట్టుకునే నిలబడతారు. ఆ తర్వాత సరుకుల బుట్టలు, స్కూలు పిల్లలు, తలమీద మల్లెపూల దండతో పెళ్లికెళ్లే ఆడవాళ్లు. డీజిల్ ఇంజన్ డుగుడుగుమంటుంది, ఒడ్డున ఉన్న కుర్రాడు తాడు విప్పి ఆఖరి క్షణంలో గెంతి ఎక్కుతాడు. చెక్కల సందుల్లోంచి కింద నీళ్లు కనపడతాయి. మీకు భయమైతే మధ్యలో నిలబడండి, అంచుకి పోకండి. చంటిపిల్లల్ని చంకనెత్తుకోండి, నడిపించకండి. లైఫ్ జాకెట్ ఉంటే అడిగి వేసుకోండి, ఎవరైనా నవ్వుతారని సిగ్గుపడకండి. పంటు నిండిపోయి ఉంటే తర్వాతది ఎక్కండి. అది తిరిగి వచ్చేస్తుంది, మహా అయితే ఒక టీ తాగే టైము.

అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో అంతర్వేదికి ఆటోలు, బస్సులు ఉంటాయి. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి ముందురోజు, దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కళ్యాణం. ఆ రోజుల్లో రేవులో జనం ఇసుక వేస్తే రాలనట్టుంటారు. అప్పుడు రేవు మానేసి చించినాడ వంతెన మీదుగా రండి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్తాను. జులై నుంచి సెప్టెంబర్ దాకా రేవుని నమ్ముకుని బయల్దేరే ముందు ధవళేశ్వరం నీటిమట్టం చూడండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి చేరి 10 లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకి రెండోది, 17.75 అడుగులకి మూడోది. వరద మొదలైతే పంటులు కట్టేస్తారు, లంక ఊళ్లకి వెళ్లే కాజ్‌వేలు మునుగుతాయి. భద్రాచలంలో 43 అడుగులు దాటిందని వార్తల్లో విన్నారంటే ఆ నీళ్లు మన దగ్గరికి దిగి వస్తున్నాయని అర్థం. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక ఊళ్లవాళ్లు రోజుల తరబడి పడవల్లోనే తిరిగారు. అలాంటప్పుడు ఏ గుడి దర్శనమైనా వచ్చే నెలకి వాయిదా వేసుకోవచ్చు.

పుష్కరాలకి వచ్చేవాళ్లు

2015 తర్వాత మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజులూ రాజమండ్రి స్టేషన్, గోదావరి స్టేషన్, పుష్కర ఘాట్ మూడూ కలిసిపోయి ఒకే జనసముద్రం అవుతాయి. స్నానమే ముఖ్యమైతే అవతలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రం చూసుకోండి, అదీ గోదావరే. మొదటి రోజు, ఆదివారాలు వదిలేయండి. మిగతాదంతా ఆ సమయానికి వచ్చే ప్రత్యేక రైళ్లు, బస్సులని బట్టి ఉంటుంది.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు ఆలస్యమైతే పులిహోర చల్లారుతుంది, వెళ్లేటప్పుడు ఆలస్యమైతే రైలు పోతుంది. అమలాపురం నుంచి రాజమండ్రి రెండు గంటలే అయినా రైలు టైముకి కనీసం మూడున్నర గంటల ముందు బయల్దేరండి. రావులపాలెం దగ్గర హైవే కలిసేచోట, జొన్నాడ వంతెన మీద ఒక్క లారీ ఆగితే చాలు, మీ లెక్క తలకిందులవుతుంది. సంక్రాంతి వెళ్లాక వచ్చే ఆదివారమైతే అయిదు గంటలు పెట్టుకోండి. రైలు ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుంటూ ఉండండి, లేదా 139కి ఫోన్ చేయండి, కానీ రైలు లేటు ఉంది కదా అని నెమ్మదిగా బయల్దేరకండి. లేటైన రైలు దారిలో టైము కలుపుకుని మీకన్నా ముందే వచ్చేస్తుంది.

తెలిసినవాళ్లు ఇచ్చే కొబ్బరికాయలు, పనసపండు, పచ్చడి జాడీలు వద్దనలేరని నాకు తెలుసు. జాడీ మూత మీద పాలిథిన్ కవరు వేసి దారంతో గట్టిగా కట్టించుకోండి. బోగీలో ఆవకాయ నూనె కారితే కింది బెర్తు వాళ్లకి మీరు జన్మలో గుర్తుండిపోతారు. స్టేషన్‌కి ముందే చేరిపోయి గంటన్నర ఖాళీ ఉంటే సామాను దగ్గర ఒకరిని కూర్చోబెట్టి, ఇంకొకరు వెళ్లి రాజమండ్రి రోజ్ మిల్క్ తాగి రండి. తర్వాత వంతు మార్చుకోండి.